ఒత్తుల పెత్తనం – ఉక్తలేఖనంపై కొన్ని ప్రశ్నలు

కులం సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగని దళిత విద్యార్థి ఉండడు. ఆ వరసలో నిలబడ్డప్పుడు ఎదురుగా గోడ మీద రాసింది చదవడం తప్ప వేరే పనుండదు. చాలాచోట్ల అక్కడ 'కుల ధృవీకరణ పత్రము' అని ఉంటుంది. అచ్చేసిన దరఖాస్తుల మీదా తరచు అదే కనిపిస్తుంది. సరైన రాత 'ధ్రువీకరణ'. ధ్రువం అంటే కదలనిది, ఖాయమైనది. ధ్రువ నక్షత్రం, ఉత్తర ధ్రువం అనేవి ఆ మాటలోంచే వచ్చాయి. రావత్తు, కొమ్ము ఉండాల్సిన చోట వట్రుసుడి పడింది. ఈ తప్పుకి ఎవరికీ శిక్ష లేదు. ఎవరూ దీన్ని పదిసార్లు రాయరు. కానీ అదే దరఖాస్తులో తండ్రి పేరు పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టుగా లేకపోతే, ఒక్క అక్షరం తేడా వచ్చినా, ఫైలు కదలదు. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి మళ్లీ రావాలి.

అంటే తప్పు రాయడం అందరికీ ఒకటే నేరం కాదన్న మాట. కొందరి తప్పు అచ్చుతప్పు. కొందరి తప్పు 'నోరు తిరగకపోవడం'. ఈ తేడా ఎక్కడ మొదలవుతుంది? నా ఉద్దేశంలో అది బడిలో, రెండో తరగతి మూడో తరగతుల్లో, ఉక్తలేఖనం దగ్గర మొదలవుతుంది. పాఠ్యపుస్తకాల్లో మన జీవితం లేదని దళిత బహుజన మేధావులు చాలాకాలంగా చెప్తున్నారు. కంచ ఐలయ్య 1996లో వచ్చిన 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో బడి పుస్తకం చూపించే ప్రపంచం తమకెంత పరాయిదో వివరంగా చర్చించాడు. అయితే పాఠం లోపలికి పోకముందే, అక్షరం గుమ్మం దగ్గరే, ఆ ప్రశ్న మన పిల్లలకి ఎదురవుతోంది. దానిమీద మనం చర్చించింది తక్కువ. ఒక సంగతి ముందే చెప్పాలి. అక్షరదోషాలు లేకుండా రాయడం అనవసరం అని నేను అనడం లేదు. దాన్ని నేర్పే పద్ధతిని ప్రశ్నిస్తున్నాను.

పలికినట్లే రాస్తామా?

తెలుగు గొప్పతనం చెప్పేటప్పుడు ప్రతి మాస్టారూ ఒక మాట అంటాడు. ఇంగ్లీషులాగా కాదు, తెలుగులో పలికినట్లే రాస్తాం, రాసినట్లే చదువుతాం అని. పిల్లవాడు దీన్ని నమ్ముతాడు. నమ్మి, తను పలికినట్లే రాస్తాడు. 'బూమి' అని రాస్తాడు. 'పాటం' అని, 'సంగం' అని, 'అక్కు' అని రాస్తాడు. అన్నీ తప్పులే అవుతాయి. అప్పుడు వాడికి అర్థమయ్యేది ఒకటే: పలికినట్లు రాయాలి, అయితే నేను పలికినట్లు కాదు.

మరి ఎవరు పలికినట్లు? నిజానికి మామూలు మాటల్లో ఈ ఒత్తక్షరాలు పలికేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ తక్కువే. ఉక్తలేఖనం చెప్పేటప్పుడు మాస్టారు 'భూమి' అని ఊపిరి బిగబట్టి పలుకుతాడు. ఆ గంట అయిపోగానే పక్క మాస్టారుతో 'బాద్యతలు ఎక్కువయ్యాయండీ' అంటాడు. పిల్లవాడు ఇవి రెండూ వింటాడు. వాడు రాసేది భాషలోని ధ్వనిని కాదు, ఆ గంటలో మాత్రమే వినపడే ఒక ఒత్తిడిని. ఇంట్లో పుస్తకాలున్న పిల్లవాడు ఆ మాటను ముందే కంటితో చూసి ఉంటాడు కనక సరిగ్గా రాస్తాడు. చెవి మీదే ఆధారపడ్డ పిల్లవాడు తప్పు రాస్తాడు. ఇది తెలివికి పరీక్ష కాదు. ఇంట్లో అచ్చుకాగితం ఎన్ని తరాలుగా ఉందన్నదానికి పరీక్ష.

ఇక ఉక్తలేఖనంలో చెప్పే మాటలెట్లాంటివి? వాక్యం ఉండదు, సందర్భం ఉండదు. ఒత్తులున్న మాటలు ఏరి, పదో ఇరవయ్యో వరసగా చెప్తారు. వర్ణమాల పటాల్లో 'ఝ' పక్కన చేప బొమ్మ వేసి 'ఝషం' అని రాయడం మనం చూసిందే. చెరువు ఎండినప్పుడు పెద్దవాళ్లతో పాటు బురదలో దిగిన పిల్లవాడికి కొరమీను తెలుసు, జెల్ల తెలుసు, వాలుగ తెలుసు, మట్టగిడస తెలుసు. ఝషం తెలీదు. మాస్టారు కూడా బజారులో ఝషం కొనడు. ఒక అక్షరాన్ని బతికించడం కోసం ఎవరికీ పనికిరాని మాటను పిల్లవాడి చేత రాయించి, అది రానందుకు తప్పు వెయ్యడం చదువు ఎట్లా అవుతుంది?

వ్యాకరణం ఒప్పుకున్న సంగతి

ఈ అక్షరాలు మన పిల్లల నోట్లో లేకపోవడం వాళ్ల లోపమా? దీనికి జవాబు పండితులు తలమీద పెట్టుకునే పుస్తకంలోనే ఉంది. పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణం' మొదట్లోనే లెక్క చెప్పాడు: సంస్కృతానికి 50 వర్ణాలు, ప్రాకృతానికి 40, తెలుగుకి 36. ఆ 36లో ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢ, థ, ధ, ఫ, భ లేవు. శ, ష కూడా లేవు. అవి సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలతో వచ్చిన అక్షరాలు. అంటే 'బూమి' అనే పిల్లవాడు తెలుగు నోటితో తెలుగే మాట్లాడుతున్నాడు. వాడి నోట్లో లేనిది తెలుగు కాదు.

ఇంకో విషయం గమనించాలి. ఆ 36లో చిన్నయసూరి దంత్యాలైన ౘ, ౙ లను కూడా లెక్కపెట్టాడు. 'చాప', 'జున్ను' అనేటప్పుడు మనమందరం పలికేవి అవే. వాటికి ఇవాళ వాడుక రాతలో వేరే గుర్తు లేదు. అరసున్న పోయింది. బండి ర పోయింది. ఒకప్పుడు ఇవి రానివాడు తెలుగు రానివాడే. రాసేవాళ్లకి కష్టమైనప్పుడు వాటిని వదిలేశారు, భాషకేమీ కాలేదు. తెలుగు సొంత గుర్తుల్లో సడలింపు ఇచ్చినవాళ్లు సంస్కృతం ఒత్తుల దగ్గర మాత్రం ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. ఇది కేవలం భాషా విషయమేనా? ఏది కాపాడాలి, ఏది వదిలెయ్యాలి అన్న నిర్ణయం ఎవరి చేతుల్లో ఉందనే ప్రశ్న ఇందులో ఉంది.

గిడుగు రామమూర్తి (1863–1940) ఈ నిర్ణయాధికారాన్ని కొంతవరకు కదిలించాడు. బడుల్లో గ్రాంథికం రుద్దడం వల్ల పిల్లలకి ఏ భాషా రావడం లేదని వాదించాడు. గ్రాంథికమే రాయాలన్న పండితుల రచనల్లోంచే తప్పులు ఏరి, 1933లో 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' వేశాడు. తప్పులు పట్టేవాళ్ల తప్పులు పట్టడం అనే ఆ పద్ధతి మనకి ఇవాళ్టికీ పనికొస్తుంది. సవర పిల్లల కోసం ఆయన వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల నోటి మాటను బట్టే చదువు తయారుచేశాడు. కానీ తెలుగు విషయానికి వచ్చేసరికి ఆయన ప్రమాణం శిష్టుల వాడుక. పల్లె వాడుక కాదు. వ్యావహారిక ఉద్యమం గెలిచింది కనక భాష అందరిదీ అయిపోయిందని చెప్పుకోవడంలో ఈ మెలిక మరుగున పడుతోంది. గుమ్మం ఎత్తు తగ్గింది, నిజమే. తగ్గింది ఎవరి కాలు కొలతకి అన్నది మనం అడగాలి.

మూడో తరగతిలో తప్పు, ఎనిమిదో తరగతిలో ఒప్పు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పడం అవసరం. మూడో తరగతిలో మాస్టారు 'కథ' అని చెప్తే నేను 'కత' అని రాశాను. ఆయన పలక చూసి, 'మీ పల్లె నోళ్లకి ఒత్తులు పలకవురా' అన్నాడు. పదిసార్లు రాయించాడు. ఒత్తు ఎందుకుండాలో మాత్రం చెప్పలేదు. ఐదేళ్ల తర్వాత హైస్కూల్లో, తెలుగు పరీక్షలో ప్రకృతి–వికృతులు అడిగారు. 'కథ'కి వికృతి రాయమన్నారు. 'కత' అని రాశాను. మార్కు వేశారు.

ఆ రోజు సంతోషించాను తప్ప ఆలోచించలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రకృతి–వికృతుల పట్టిక అంతా మా పల్లె మాటల పట్టికే. భాష – బాస. ఆశ – ఆస. భక్తి – బత్తి. ముఖం – మొగం. విద్య – విద్దె. రాత్రి – రాతిరి. యాత్ర – జాతర. మా అమ్మ అక్షరం రాకుండానే ఈ కుడివైపు వరస మొత్తం మాట్లాడుతుంది. ఆమె నోట్లో ఉన్నప్పుడు అది మొరటు. మూడో తరగతి పలక మీద అది తప్పు. హైస్కూల్లో అదే వ్యాకరణం. ఒకే రూపానికి మూడుచోట్ల మూడు విలువలు. మాట మారలేదు, దాన్ని చేతిలో పట్టుకున్న మనిషి మారాడు.

వ్యాకరణంలో వికృతి అంటే మార్పు చెందిన రూపం అని మాత్రమే అర్థం. పిల్లలకి మాత్రం ఆ మాట అట్లా వినపడదు. వికృతంగా ఉన్నది అనే వినపడుతుంది. ఈ మార్పులు ఎట్లా జరిగాయో, ఒత్తు ఎట్లా రాలిపోయిందో, 'శ' ఎట్లా 'స' అయిందో, వాటికొక క్రమం ఉందని చెప్పే మాస్టార్లు అరుదు. అది చెప్తే పిల్లవాడికి తెలిసేది ఇది: నా నోటి మాట చెడిపోయిన మాట కాదు. దానికీ చరిత్ర ఉంది, దానికీ నియమం ఉంది. సంస్కృత 'విష్టి' లోంచి 'వెట్టి' వచ్చింది. ఇవాళ ఎవరూ 'విష్టి చాకిరి' అని రాయమనరు. ఆ చాకిరి చేసినవాళ్ల నోట్లో నలిగిన రూపమే చట్టాల్లోకీ చరిత్ర పుస్తకాల్లోకీ ఎక్కింది.

పండితుల దగ్గర 'ల – ళ' లకు భేదం లేదనే సూత్రం ఒకటుంది. కవి వాడితే అది అభేదం, పిల్లవాడు రాస్తే అది దోషం. ఆ మాటకొస్తే 'దళిత' అనే మన మాటే చూడండి. సంస్కృతంలోనూ, హిందీ మరాఠీల్లోనూ అది 'దలిత'. చీలిన, నలిగిన అని అర్థం. తెలుగులో మనం 'ళ'తో రాస్తున్నాం, అదే స్థిరపడింది. వాడుక స్థిరపరిస్తే రాత మారుతుందనడానికి మన పేరు కన్నా సాక్ష్యం ఏం కావాలి?

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల మీద మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. పండితులు ఊళ్లు తిరిగి పనిచేసేవాళ్ల మాటలు సేకరించారు. గొప్ప పని. కానీ పరిశోధకుడి కార్డు మీదికెక్కి గౌరవం పొందిన ఉచ్చారణే పిల్లవాడి పలక మీదికి వచ్చేసరికి తప్పవుతోంది. విశ్వవిద్యాలయానికి తెలిసింది ఎలిమెంటరీ బడికి చేరలేదు.

రెండు తప్పు జవాబులు

దీనికి రెండు రకాల పరిష్కారాలు వినపడుతున్నాయి. మొదటిది పాతదే: ఇంకా ఎక్కువ ఉక్తలేఖనం, ఇంకా ఎక్కువ ఇంపోజిషన్. పదిసార్లు రాస్తే చెయ్యి గుర్తుపెట్టుకుంటుందంటారు. చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది, నిజమే. కానీ 'విద్యార్థి' వందసార్లు రాసినవాడు 'అభ్యర్థి' దగ్గర మళ్లీ తప్పు రాస్తాడు. ఎందుకంటే రెండింటిలో ఉన్నది ఒకే ముక్క అని వాడికి ఎవరూ చెప్పలేదు. పైగా 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా హింసించడాన్ని కూడా నిషేధించింది. కులం పేరెత్తకుండా 'మీ నోళ్లు' అనడం ఆ హింసలోకి రాదా?

రెండో జవాబు మన మిత్రుల నుంచే వస్తుంది. మన యాస మన ఆయుధం, పిల్లలు ఎట్లా పలికితే అట్లానే రాయనివ్వండి, దిద్దడమే బ్రాహ్మణీయం అంటారు. నాగప్పగారి సుందర్రాజు 1997లో 'మాదిగోడు' కథలు రాయలసీమ మాదిగ యాసలోనే వేసి సాహిత్యం గుమ్మం పగలగొట్టాడు కదా అని గుర్తుచేస్తారు. ఆ కథల విలువ నాకు తెలుసు. అయితే సుందర్రాజు రెండు రాతలూ తెలిసి ఒకదాన్ని ఎంచుకున్నాడు. ఆ ఎంపికే ధిక్కారం. రెండో రాత చేతిలో లేని పిల్లవాడికి ఎంపిక ఎక్కడుంది? వాడు రేపు గ్రూప్ పరీక్ష రాయాలి. కలెక్టరుకి అర్జీ రాయాలి. పోలీసు స్టేషన్లో తన ఫిర్యాదు ఎట్లా రాశారో చదివి, తప్పుంటే పట్టుకోవాలి. ప్రామాణిక రాత ఒక ఆస్తి. దాన్ని మన పిల్లల పేరుమీద రాయించుకోవాలే గాని, అది వాళ్లదని వదిలెయ్యకూడదు.

ఒక భ్రమ మాత్రం వద్దు. తప్పుల్లేకుండా రాస్తే కులం పోదు. జాషువా 1941లో 'గబ్బిలం' ప్రకటించేనాటికి ఛందస్సులో ఆయనకి వంక పెట్టగలిగినవాళ్లు లేరు. అయినా అవమానాలు ఆగలేదు. కాబట్టి సరైన రాతను గౌరవం తెచ్చిపెట్టే తాయెత్తులాగా కాదు, పనిముట్టులాగా నేర్పాలి. పనిముట్టును ఎట్లా నేర్పుతాం? ఏ భాగం ఎందుకుందో చూపించి నేర్పుతాం.

చుక్క ఎందుకు పెట్టాలి?

'అర్థం', 'అర్ధం' తీసుకుందాం. చదువుకున్నవాళ్లు సైతం రోజూ తప్పు రాసే మాటలివి. రెండింటికీ రాతలో తేడా పొట్టలో ఒక చుక్క. చుక్క ఉంటే భావం, ఉద్దేశం, ప్రయోజనం. చుక్క లేకపోతే సగం. ఇది చెప్పి బోర్డు మీద రెండు వరసలు వెయ్యొచ్చు. ఒక వరసలో అర్థం, స్వార్థం, పరమార్థం, విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన. ఇవన్నీ కోరడం, ఉద్దేశించడం చుట్టూ తిరిగే మాటలు. విద్యను కోరేవాడు విద్యార్థి. రెండో వరసలో అర్ధరాత్రి, అర్ధగంట, అర్ధచంద్రుడు. ఇవన్నీ సగం. పది నిమిషాల పాఠంతో పిల్లవాడికి పది మాటల రాత వస్తుంది, పదకొండో మాటను తనే ఊహించగలుగుతాడు. 'సకలం' అంటే అంతా, 'శకలం' అంటే ముక్క. 'పదం' అంటే మాట, 'పథం' అంటే దారి. ఇక్కడ ఒత్తు అలంకారం కాదు, అర్థాన్ని మోసే బరువు. ఆ బరువు తెలిసినవాడు ఒత్తును మర్చిపోడు.

'భూ' కుటుంబం చూడండి. భూమి, భూస్వామి, భూకంపం, భూగోళం, భూసేకరణ. మాస్టారు పిల్లలకి నిజం చెప్పాలి: 'మీరూ నేనూ అందరం బూమి అనే అంటాం. అది తెలుగు నోరు. ఈ మాట సంస్కృతం నుంచి వచ్చింది కనక రాసేటప్పుడు ఒత్తు ఉంచుతున్నాం. భూతో మొదలయ్యే నేల మాటలన్నిటికీ ఇదే గుర్తు.' ఇందులో అవమానం లేదు. పిల్లవాడి నోటికీ పుస్తకం రాతకీ మధ్య ఉన్న దూరాన్ని దాచకుండా చెప్పడం ఉంది. సెంటు భూమి లేని ఇంటి పిల్లలు ఈ వరస రాస్తూ భూస్వామి అంటే ఎవరని అడిగితే, అక్కడ పాఠం అక్షరాన్ని దాటి పోతుంది. పోనివ్వాలి.

మన నాయకుడి పేరే ఒక మంచి పాఠం. మన గోడల మీద, ఫ్లెక్సీల మీద 'అంబేద్కర్' అనీ 'అంబేడ్కర్' అనీ రెండూ ఉంటాయి. ఏది సరి అని పిల్లల్నే వెతకమనాలి. ఆ కుటుంబం ఊరు రత్నగిరి జిల్లా ఆంబడవె. ఊరి పేరుకి 'కర్' చేర్చి ఇంటిపేరు చేసుకోవడం మహారాష్ట్రలో అలవాటు. మరాఠీలో ఆ పేరు 'డ'తో ఉంది. ఇంగ్లీషు రాతలో డకీ దకీ ఒకే అక్షరం. అక్కడినుంచి తెలుగులోకి వచ్చేసరికి రెండు రాతలయ్యాయి. ఈ ఒక్క పేరుతో పిల్లలు ఒక ఊరు, ఒక భాష, లిపి మారితే మాట ఏమవుతుందన్న సంగతి నేర్చుకుంటారు. 'ద' రాసినవాణ్ణి తప్పు పట్టనక్కర్లేదు. ఎందుకట్లా వచ్చిందో వాడే చెప్పగలుగుతాడు.

ఇంగ్లీషు మీడియం వస్తే ఈ గొడవ పోతుందని కొందరంటారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, 2022లో తెలంగాణ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తలపెట్టినప్పుడు మనలో ఎక్కువమంది సమర్థించాం. సమర్థించడం సరైందే. కానీ బడిలో జరుగుతున్నదేమిటి? ఉక్తలేఖనం పోయి స్పెల్లింగ్ టెస్ట్ వచ్చింది. పేరు మారింది, పద్ధతి మారలేదు. ఇంగ్లీషు రాతలో కూడా అర్థం ఉంది. 'సైన్'లో పలకని 'జి' ఎందుకు రాస్తాం? 'సిగ్నేచర్'లో, 'సిగ్నల్'లో అది పలుకుతుంది కనక. 'మెడిసిన్'లో 'ఎస్' కాకుండా 'సి' ఎందుకు? 'మెడికల్'లో అదే 'సి' 'క' అవుతుంది కనక. ఇది చెప్పకుండా అక్షరాలు ఒకటొకటిగా బట్టీ పట్టిస్తే మన పిల్లలు రెండు భాషల్లోనూ తప్పులవాళ్లుగానే మిగుల్తారు.

చివరిగా, టీచర్లుగా ఉన్న మనవాళ్లకి కొన్ని సూచనలు. ఉక్తలేఖనానికి విడిమాటలు చెప్పకండి, పిల్లలు ఇంట్లో విన్న సంగతిని వాక్యాలుగా రాయించండి. మొదటి రాత దిద్దకండి, చదవండి. రెండో రాతలో మాటల కుటుంబాలు పట్టుకుని దిద్దండి. అర్థం మార్చే తప్పునూ మార్చని తప్పునూ ఒకే లెక్కన కొట్టకండి. ప్రకృతి–వికృతుల పట్టికను హైస్కూలుదాకా దాచకుండా మూడో తరగతిలోనే, మీ అమ్మ అనే మాట ఇది, పుస్తకం మాట ఇది అని పక్కపక్కన పెట్టండి. మీకే అనుమానం వస్తే పిల్లల ముందే నిఘంటువు తెరవండి. మాస్టారు కూడా వెతుక్కుంటాడని తెలిస్తే తప్పంటే పిల్లలకి భయం తగ్గుతుంది.

వీటిలో దేనికీ ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. దళిత ఉపాధ్యాయులు ఉపాధ్యాయ సంఘాల్లో, శిక్షణ తరగతుల్లో ఈ చర్చ పెట్టాలి. తమ బడిలో పిల్లలు రాసిన ఉక్తలేఖనం పుస్తకాలు ముందేసుకుని, ఏ తప్పు ఎక్కువ వస్తోంది, ఎందుకు వస్తోంది, దాని వెనక ఏ పలుకుబడి ఉందని ఒక్క సంవత్సరం నమోదు చేస్తే, అది ఈ వ్యాసం కన్నా ఎక్కువ పనికొస్తుంది. ఆ పిల్లల్లో ఒకరు రేపు సర్టిఫికెట్ వరసలో నిలబడి గోడ మీది 'ధృవీకరణ' చూసి, లోపల కూర్చున్న గుమస్తాతో 'అది తప్పండీ, ధ్రువం లోంచి వచ్చింది కదా' అని చెప్పగలిగితే చాలు.